చక్కెరల జీర్ణక్రియ

అన్నం, రొట్టె, పప్పు, పండు, పాలు, బెల్లం వంటి ఆహారంలోని పిండిపదార్థాలను రక్తంలోకి చేరగలిగేంత చిన్న చక్కెరలుగా విడగొట్టడమే చక్కెరల జీర్ణక్రియ. ఈ పని చేసేవి ఎంజైములు అనే ప్రోటీన్లు. మన తిండిలోని పిండిపదార్థాల నుంచి పేగు గోడ లోపలికి రానిచ్చే చక్కెరలు ముఖ్యంగా మూడే: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గాలక్టోజ్. ఇంతకన్నా పెద్దది ఏదైనా, రెండే రెండు చక్కెరలు కలిసిన పంచదార అయినా సరే, ముందు విడిపోవాలి. విడిపోనిది పెద్దపేగులోకి జారి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది.

బడి పుస్తకాలు ఈ పాఠాన్ని లాలాజలంతో మొదలుపెట్టి క్లోమరసంతో దాదాపు ముగిస్తాయి. పేగు రసం గురించి ఒక వాక్యం ఉంటే గొప్ప. నిజానికి అసలు సంగతులన్నీ తేలేది చిన్నపేగు గోడ మీదే. పెద్దయ్యాక పాలు ఎవరికి పడతాయో, ఎవరికి పడవో అక్కడే తేలుతుంది. మధుమేహానికి ఇచ్చే కొన్ని మాత్రలు పనిచేసేది కూడా అక్కడే.

చక్కెరలు, వాటి బంధాలు

గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జతకడితే సుక్రోజ్, అంటే పంచదార. గ్లూకోజ్, గాలక్టోజ్ జతకడితే లాక్టోజ్, అంటే పాలచక్కెర. రెండు గ్లూకోజులు ఒక తీరులో అతుక్కుంటే మొలకెత్తే గింజల్లో ఉండే మాల్టోజ్, మరో తీరులో అతుక్కుంటే పుట్టగొడుగుల్లో ఉండే ట్రెహలోజ్. వందల వేల గ్లూకోజులు వరుసగా అతుక్కుంటే బియ్యంలో, గోధుమలో, బంగాళాదుంపలో ఉండే స్టార్చ్ అవుతుంది.

స్టార్చ్ రెండు రూపాల్లో ఉంటుంది. అమైలోజ్‌లో దాదాపు కొమ్మలుండవు, అది పొడవాటి గొలుసు. అమైలోపెక్టిన్‌లో సుమారు ప్రతి 24–30 గ్లూకోజులకు ఒక కొమ్మ చీలుతుంది. గొలుసు వెంట ఉన్న అతుకును ఆల్ఫా 1,4 బంధమనీ, కొమ్మ చీలిన చోట ఉన్నదాన్ని ఆల్ఫా 1,6 బంధమనీ అంటారు. గడ్డిలో, పత్తిలో, కలపలో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజుల గొలుసే. కాకపోతే అందులోనిది బీటా 1,4 బంధం. గ్లూకోజ్ అదే, కలిసే స్థానాలూ అవే, అతుకు తిరిగిన వైపు ఒక్కటే వేరు. ఆ తేడా వల్లే వరి గింజ మనకు అన్నమైంది, వరిగడ్డి పశువులకు పోయింది. పశువు కూడా గడ్డిని తన సొంత ఎంజైములతో అరిగించుకోలేదు. దాని పొట్ట మొదటి అరలో కాపురముండే సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి.

ఒక్కో బంధం తెగేటప్పుడు ఒక నీటి అణువు ఖర్చవుతుంది. అందుకే ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. నీళ్లు ఉన్నంత మాత్రాన బంధం తెగదు. ఆమ్లమూ క్షారమూ లేని నీటిలో, మామూలు గది వేడిమిలో పంచదార దానంతట అది సగం విడిపోవడానికి 400 ఏళ్లకు పైగా పడుతుందని రసాయన శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఎంజైము అదే పనిని క్షణాల్లో చేస్తుంది, చేశాక తాను మారకుండా మరో అణువు కోసం సిద్ధంగా ఉంటుంది.

ఎంజైముల గురించి మనకు తెలిసిన తొలి సంగతుల్లో చాలావరకు చక్కెరల పుణ్యమే. లాలాజలం స్టార్చ్‌ను చక్కెరగా మారుస్తుందని 1831లో లాయిక్స్ అనే రసాయనికుడు రాశాడు. 1833లో పారిస్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు రసాయనికులు మొలకెత్తిన బార్లీ నుంచి స్టార్చ్‌ను విరిచే పదార్థాన్ని ఆల్కహాల్‌తో వేరుచేసి దానికి డయాస్టేజ్ అని పేరుపెట్టారు. అప్పటికి ఎంజైమ్ అనే పేరే పుట్టలేదు. జర్మన్ రసాయనికుడు ఎమిల్ ఫిషర్ గ్లూకోజ్ నుంచి తయారుచేసిన రెండు పదార్థాలను తీసుకున్నాడు. వాటి మధ్య తేడా ఆల్ఫా, బీటా అతుకులు మాత్రమే. ఈస్ట్ ఎంజైము మొదటిదాన్నే విరిచింది, బాదం గింజల ఎంజైము రెండోదాన్నే విరిచింది. ఆ ప్రయోగాల తర్వాతే 1894లో ఆయన ఎంజైమును తాళంతో, అది విరిచే పదార్థాన్ని తాళంచెవితో పోల్చాడు. ఇవాళ ఏ విద్యార్థి అయినా వల్లించే ఆ పోలిక పుట్టింది చక్కెరల మీద పరిశోధనలోనే. 1913లో లియోనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ బెర్లిన్‌లో ఎంజైముల వేగానికి సూత్రం కట్టింది కూడా పంచదారను విరిచే ఇన్వర్టేజ్‌ను పరీక్షిస్తూనే.

వంటతోనే మొదలు

పచ్చి బియ్యపు గింజలో స్టార్చ్ గట్టి రేణువులుగా పేరుకుని ఉంటుంది. ఎంజైము వాటిలోకి చొరబడలేదు. నీళ్లు పోసి వేడిచేస్తే, రకాన్ని బట్టి 60 నుంచి 80 డిగ్రీల మధ్య, రేణువులు నీటిని పీల్చి ఉబ్బి విచ్చుకుంటాయి. అప్పుడు గాని గొలుసులు ఎంజైముకు అందవు. పచ్చి అరటికాయ స్టార్చ్ చాలావరకు అరగకుండా పోతుంది, అదే అరటికాయ కూర చేస్తే అరుగుతుంది. జీర్ణక్రియ పొయ్యి మీదే మొదలవుతుందంటే అతిశయోక్తి కాదు.

నోట్లో జరిగేది

లాలాజలంలోని అమైలేజ్‌ను పాత పుస్తకాలు టయలిన్ అంటాయి. ఇది స్టార్చ్ గొలుసును చివరల నుంచి కాక మధ్యమధ్యలో తెంపుతుంది. ఇది పనిచేయాలంటే క్లోరైడ్ అయాన్లు, కాల్షియం ఉండాలి, ఆమ్లమూ క్షారమూ కాని వాతావరణం ఉండాలి. అన్నం ముద్దను మింగకుండా కాసేపు నములుతూ ఉంటే కొద్దిగా తీపి తెలియడానికి కారణం ఇదే. బడిలో అయోడిన్ చుక్కతో చేసే ప్రయోగమూ దీని మీదే: స్టార్చ్ ఉంటే నీలి నలుపు రంగు వస్తుంది, లాలాజలం కలిపి కొంతసేపు ఉంచితే ఆ రంగు రాదు.

ముద్ద నోట్లో ఉండేది కొద్ది సెకన్లే. అందువల్ల ఇక్కడ జరిగే పని తక్కువ. పొట్టలోకి చేరాక జఠర రసంలోని ఆమ్లం ఈ అమైలేజ్‌ను నిలిపేస్తుంది. కాకపోతే ఆమ్లం ముద్ద లోపలిదాకా ఇంకడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, అప్పటిదాకా ముద్ద నడిమి భాగంలో పని సాగుతూనే ఉంటుంది. పొట్ట సొంతంగా పిండిపదార్థాలను విరిచే ఎంజైము ఏదీ ఇవ్వదు.

లాలాజల అమైలేజ్ జన్యువుది మాత్రం విచిత్రమైన కథ. మామూలుగా ఒక జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులుగా వస్తుంది. లాలాజల అమైలేజ్ జన్యువైన ఏఎంవై1 ప్రతులు మనిషి మనిషికీ మారతాయి. కొందరిలో రెండే ఉంటే కొందరిలో పది దాటతాయి. జపనీయుల వంటి స్టార్చ్ ఎక్కువ తినే సమాజాల్లో సగటున ప్రతులు ఎక్కువని 2007లో ఒక పరిశోధన బృందం చూపింది. సేద్యం వచ్చాకే ఇవి పెరిగాయని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2024లో వెలువడిన జన్యు అధ్యయనం తొలి ప్రతి పెరగడం 8 లక్షల ఏళ్లకు పూర్వమే జరిగిందని లెక్కకట్టింది. అంటే వరి, గోధుమ పండించడానికి ఎంతో ముందే. కుక్కలదీ ఇలాంటి కథే. తోడేలులో క్లోమ అమైలేజ్ జన్యువు రెండు ప్రతులే ఉంటాయి. మనిషి పంచన చేరి, మిగిలిన మెతుకులు తిన్న కుక్కల్లో అవి ఎన్నో రెట్లు పెరిగాయి.

క్లోమరసం

పొట్ట నుంచి పుల్లగా దిగిన ఆహారం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి రాగానే క్లోమం నుంచి బైకార్బొనేట్‌తో నిండిన రసం వచ్చి కలుస్తుంది. పులుపు విరిగిపోతుంది, క్లోమ అమైలేజ్ పని అందుకుంటుంది. లాలాజలంలోని దానితో దీనికి చాలా దగ్గరి పోలిక ఉంది. పరిమాణం మాత్రం ఎంతో ఎక్కువ. అన్నంలోని స్టార్చ్ చాలావరకు ముక్కలయ్యేది ఇక్కడే.

అమైలేజ్‌కు ఒక పరిమితి ఉంది. ఆల్ఫా 1,4 బంధాన్ని తెంపుతుంది గాని కొమ్మ చీలిన చోటి ఆల్ఫా 1,6 జోలికి పోదు, దానికి ఆనుకుని ఉన్న అతుకులనూ సరిగా తెంపలేదు. ఆఖరికి మిగిలేవి రెండు గ్లూకోజుల మాల్టోజ్, మూడింటి మాల్టోట్రయోజ్, కొమ్మలున్న చిన్న చిన్న డెక్‌స్ట్రిన్ ముక్కలు. విడి గ్లూకోజ్ దాదాపు రాదు. అంటే అమైలేజ్ ఎంత కష్టపడినా, దాని చేతిలో తయారైనదాన్ని పేగు గోడ ఇంకా లోపలికి రానివ్వదు.

పసిపిల్లల్లో క్లోమ అమైలేజ్ మొదటి కొన్ని నెలలు దాదాపు లేనట్టే. లాలాజలంలోనిది, తల్లిపాల ద్వారా వచ్చేది కొంత లోటు తీరుస్తాయి. మన ఇళ్లలో ఆరో నెలలో అన్నప్రాశన చేయడం, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు నిండాకే అనుబంధ ఆహారం మొదలుపెట్టమనడం, రెండూ ఒకే వయసు దగ్గర కలుస్తాయి. అంతమాత్రాన పూర్వీకులకు అమైలేజ్ సంగతి తెలుసని చెప్పుకోవడం మాత్రం గొప్పలకు పోవడమే. పిల్లలను పెంచి పెంచి నేర్చుకున్న సంగతి అది.

క్లోమానికి వాపు వచ్చినప్పుడు అమైలేజ్ రక్తంలోకి చిమ్ముతుంది. అందుకే హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పితో వచ్చినవారికి సీరమ్ అమైలేజ్ పరీక్ష రాస్తారు. గవదబిళ్లల్లోనూ ఇది పెరుగుతుంది కాబట్టి క్లోమం సంగతి తేల్చడానికి లైపేజ్ పరీక్షకే ఇప్పుడు ఎక్కువ విలువ.

పేగు గోడ మీది ఎంజైములు

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మడతలు, మడతల మీద ఆంత్రచూషకాలు, ఒక్కో చూషకాన్ని కప్పిన కణాలు, ఒక్కో కణం మీద వేల సూక్ష్మచూషకాలు ఉంటాయి. ఆ సూక్ష్మచూషకాల పొరలో పాతుకుని, పేగు లోపలి వైపు తలపెట్టి ఉంటాయి ఆఖరి ఎంజైములు. ఇవి రసంలో తేలుతూ రావు, గోడను వదిలిపోవు. అందువల్ల విడిపోయిన గ్లూకోజ్ పుట్టిన చోటనే, పక్కనే ఉన్న ద్వారం గుండా కణంలోకి పోతుంది.

ఇవి ముఖ్యంగా నాలుగు. అన్నింటికన్నా పని ఎక్కువ చేసేది సుక్రేజ్–ఐసోమాల్టేజ్. ఇది రెండు ఎంజైముల జంట. కణం దీన్ని ఒకే పొడవాటి ప్రోటీన్‌గా తయారుచేసి గోడ మీద నిలబెడుతుంది. తర్వాత క్లోమరసంలోని ట్రిప్సిన్ వచ్చి దాన్ని రెండుగా కోస్తుంది, కోసినా ఆ రెండు భాగాలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి. సుక్రేజ్ భాగం పంచదారను విరుస్తుంది. ఐసోమాల్టేజ్ భాగం అమైలేజ్ వదిలేసిన ఆల్ఫా 1,6 కొమ్మలను తెంపుతుంది. రెండూ కలిసి మాల్టోజ్‌నూ విరుస్తాయి, ఆ పనిలో సింహభాగం వీటిదే. పేరు చూసి ఇది పంచదారకే పరిమితమనుకుంటే పొరపాటు. మానవజాతి చరిత్రలో పంచదార నిన్నమొన్నటిది, అన్నం గోధుమల పని కూడా ఈ జంట మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

రెండోది మాల్టేజ్–గ్లూకోఅమైలేజ్. గొలుసు చివరి నుంచి ఒక్కో గ్లూకోజ్‌ను తెంపుకుంటూ పోతుంది. మూడోది లాక్టేజ్, పాలచక్కెరలోని బీటా బంధాన్ని విరిచేది. మన పేగులో బీటా అతుకు ఉన్న ఆహార చక్కెరను చెప్పుకోదగ్గంతగా విరిచే ఎంజైము ఇదొక్కటే. నాలుగోది ట్రెహలేజ్. దీని అవసరం చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇది లేనివారు పుట్టగొడుగులు తింటే కడుపు చెడుతుంది, అంతవరకే.

ఈ ఎంజైములను మోసే కణాలు నాలుగైదు రోజులకు మించి బతకవు. చూషకం మొదట్లో పుట్టి, పైకి జరుగుతూ, కొసకు చేరి రాలిపోతాయి. ముదిరిన కణాల్లోనే లాక్టేజ్ నిండుగా ఉంటుంది. విరేచనాల జబ్బులో ముందు దెబ్బతినేవి ఆ కణాలే. అందుకే పిల్లలకు తీవ్రమైన విరేచనాలు తగ్గాక కొన్నాళ్లపాటు పాలు సరిగా అరగకపోవచ్చు. కొత్త కణాలు ఎదిగేసరికి మళ్లీ సర్దుకుంటుంది. తల్లిపాలు మాత్రం ఈ కారణంగా మానిపించకూడదు.

లోపలికి వెళ్లే దారి

గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ద్వారం గుండా కణంలోకి పోతాయి. ఆ ద్వారం ఒక గ్లూకోజ్‌తో పాటు రెండు సోడియం అయాన్లు వస్తేనే తెరుచుకుంటుంది. సోడియం లోపలికి రావడానికి ఇష్టపడేలా కణం తన లోపల దాన్ని ఎప్పుడూ తక్కువగా ఉంచుకుంటుంది. ఉన్న సోడియంను వెనుక వైపు నుంచి బయటికి తోడేసే పంపు ఏటీపీ అనే శక్తి అణువును ఖర్చుచేస్తుంది. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి. ఫ్రక్టోజ్‌కు వేరే ద్వారం, గ్లట్5. దీనికి సోడియం అక్కర్లేదు, కానీ దాని సామర్థ్యానికి హద్దుంది. అందుకే ఫ్రక్టోజ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో తీసుకుంటే చాలామందికి పూర్తిగా ఇంకదు, గ్లూకోజ్ తోడుంటే మెరుగ్గా ఇంకుతుంది. కణం వెనుక గోడ నుంచి మూడూ గ్లట్2 ద్వారా రక్తంలోకి, అక్కడి నుంచి నేరుగా కాలేయానికి చేరతాయి.

సోడియం, గ్లూకోజ్ జతగా పోతాయన్న ఊహను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో వెల్లడించాడు. చూడ్డానికి పొడి రసాయనశాస్త్రం. కానీ ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో ఇంతమందిని బతికించిన సిద్ధాంతాలు తక్కువ. కలరాలో నీళ్లు, ఉప్పు పేగులోకి కారిపోతుంటాయి, వట్టి ఉప్పునీళ్లు తాగిస్తే నిలవవు. కలరా విషం గ్లూకోజ్–సోడియం ద్వారాన్ని మాత్రం పాడుచేయదు. గ్లూకోజ్ కలిపి ఇస్తే అది సోడియంను లాగుతుంది, సోడియం నీటిని లాగుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల మధ్య కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి రోగుల బంధువుల చేతనే తాగించాడు. 20–30 శాతం దాకా ఉన్న మరణాలు అక్కడ 4 శాతం లోపుకు దిగాయి. 2023లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇవ్వాల్సిన గౌరవం అది.

ఇప్పటి ఓఆర్‌ఎస్ పొడిలో 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. గ్లూకోజ్, సోడియం అణువుల లెక్కలో సమానం. చక్కెర ఎక్కువ వేస్తే మేలని అనుకోకూడదు, అప్పుడది నీటిని తిరిగి పేగులోకి లాగుతుంది. బియ్యపు పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. అమైలేజ్ దాని నుంచి గ్లూకోజ్‌ను నెమ్మదిగా విడుదల చేస్తుంది కాబట్టి నీటిని లాగే బెడద తక్కువ. ఉప్పేసిన గంజికి ఇంతకన్నా వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

పాలచక్కెర

దాదాపు క్షీరదాలన్నింటిలోనూ లాక్టేజ్ పుట్టినప్పుడు నిండుగా ఉండి, పాలు మానే వయసు దాటాక తగ్గిపోతుంది. మనుషుల్లోనూ ఎక్కువమంది తీరు ఇదే. ప్రపంచంలో పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో లాక్టేజ్ తక్కువే. దీన్ని లోపమనీ జబ్బనీ పిలవడం పాశ్చాత్య దేశాల అలవాటు. జీవశాస్త్రం ప్రకారం పెద్దయ్యాక కూడా లాక్టేజ్ ఉండటమే కొత్త సంగతి.

ఆ కొత్త సంగతికి మూలం లాక్టేజ్ జన్యువులో కాక, దాని పక్కనున్న ఎంసీఎం6 జన్యువులోని ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మార్పులో ఉందని ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2002లో చూపారు. లాక్టేజ్‌ను ఆపే మీటను ఆ మార్పు పనిచేయనివ్వదు. పశువులు కాచే తూర్పు ఆఫ్రికా జాతుల్లో అదే ఫలితాన్ని వేరే మార్పులు ఇస్తాయి. పాలు తాగి బతికిన సమాజాల్లో ఒకే అవసరానికి ప్రకృతి వేర్వేరు చోట్ల వేర్వేరు దారులు వెతుక్కుందన్నమాట. భారతదేశంలో కనిపించేది యూరప్‌లోని మార్పేనని, దాని వాటా వాయవ్యంలో ఎక్కువగా ఉండి దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తగ్గుతుందని 2012 నాటి అధ్యయనం తేల్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా అందులో పాల్గొన్నారు. ఆ లెక్కన తెలుగువారిలో ఎక్కువమందికి పెద్దయ్యాక లాక్టేజ్ తక్కువే ఉండాలి.

మరి మన ఇళ్లలో పాలు, పెరుగు లేని పూట ఉండదు కదా? సమాధానం మోతాదులో ఉంది, తోడులో ఉంది. లాక్టేజ్ తగ్గినవారిలో కూడా చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోజ్, అంటే సుమారు ఒక గ్లాసు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. కాఫీ, టీలలో పడే పాలు అంతకన్నా తక్కువే. పెరుగు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది. పైగా ఆ బ్యాక్టీరియాలోని ఎంజైము మన పేగుకు చేరి మిగిలినదాన్నీ విరవడానికి సాయపడుతుంది. నెయ్యిలో లాక్టోజ్ నామమాత్రం. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే మనిషి పెరుగన్నం హాయిగా తినగలగడంలో వింతేమీ లేదు.

పాల ప్రోటీన్ వల్ల వచ్చే అలర్జీ పూర్తిగా వేరు. అది రోగనిరోధక వ్యవస్థకు సంబంధించింది, దద్దుర్లు, ఆయాసం దాకా పోవచ్చు. రెండింటినీ కలిపేసి పిల్లలకు పాలూ పెరుగూ మాన్పించడం తరచూ జరుగుతోంది.

విడిపోనివి

కంది, శనగ, మినుము వంటి పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలుంటాయి. వీటిలో గాలక్టోజ్‌ను కలిపి ఉంచే బంధాన్ని విరిచే ఆల్ఫా గాలక్టోసిడేజ్ మన పేగులో లేదు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరితే బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతుంది. శనగపిండి బజ్జీలు తిన్నాక వచ్చే గ్యాస్‌కు కారణం ఇదే, నూనె ఒక్కటే కాదు. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఈ చక్కెరలు కొంత పోతాయి, మొలకెత్తిస్తే గింజే వాటిని వాడుకుంటుంది, ఇడ్లీ పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా వాటిని తగ్గిస్తుంది.

పులియబెట్టగా వచ్చే ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు నష్టం కావు. పెద్దపేగు గోడ కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఇంధనం. తల్లిపాలలో సైతం బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు చాలా రకాలున్నాయి. అవి బిడ్డ పేగులో పెరగాల్సిన మేలైన బ్యాక్టీరియా కోసం వచ్చినవి.

వండిన అన్నం చల్లారితే విచ్చుకున్న స్టార్చ్ గొలుసుల్లో కొన్ని మళ్లీ దగ్గరగా పేరుకుని అమైలేజ్‌కు లొంగకుండా పోతాయి. చద్దన్నంలో ఇలాంటి స్టార్చ్ కొంత పెరుగుతుంది. పెరిగేది కొంతే. చద్దన్నం తింటే షుగర్ రాదన్న ప్రచారానికి ఈ ఆధారం చాలదు.

ఎంత వేగంగా

ఆరోగ్యవంతుడి పేగు వేడి అన్నంలోని స్టార్చ్‌ను దాదాపు అంతా అరిగిస్తుంది. తేడా వచ్చేది వేగంలోనే. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించిన గ్లైసిమిక్ ఇండెక్స్ కొలిచేది ఈ వేగాన్నే. గ్లూకోజ్‌ను 100గా తీసుకుని, 55 లేదా అంతకన్నా తక్కువ వస్తే తక్కువ అంటారు. బియ్యంలో అమైలోజ్ పాలు పెరిగేకొద్దీ సాధారణంగా ఈ అంకె తగ్గుతుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా తక్కువ తరగతిలోకి వస్తుందని పరీక్షల్లో తేలాక ఆ బియ్యానికి గిరాకీ పెరిగింది. మంచిదే. కానీ ఇండెక్స్ తక్కువని రెండు పళ్లేల అన్నం తింటే లెక్క మొదటికొస్తుంది. రక్తంలోకి చేరేది మొత్తం గ్లూకోజ్, దాన్ని నిర్ణయించేది పరిమాణం. పప్పు, కూర, నెయ్యి కలిసినప్పుడు పొట్ట ఖాళీ కావడం ఆలస్యమై అదే అన్నం నెమ్మదిగా అరుగుతుంది.

లోపాలు, మందులు

పుట్టుకతోనే సుక్రేజ్–ఐసోమాల్టేజ్ లేనివారు అరుదు. గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్ ప్రజల్లో మాత్రం ఇది ఎక్కువ. చేపలు, సీల్ మాంసం తిని బతికినంతకాలం వారికి ఆ లోటు తెలియలేదు. ఈ ఎంజైము లేని పిల్లలు తల్లిపాలు తాగుతున్నంతకాలం బాగానే ఉండి, పండ్ల రసమో పంచదారో మొదలుపెట్టగానే విరేచనాలతో చిక్కిపోతారు. ఈస్ట్ నుంచి తీసిన సుక్రేజ్‌ను వారికి భోజనంతో పాటు ఇస్తారు.

చక్కెర అరగడం లేదని తేల్చడానికి తేలికైన దారి శ్వాస పరీక్ష. అనుమానమున్న చక్కెరను తాగించి, ఊపిరిలో హైడ్రోజన్ పెరుగుతుందేమో చూస్తారు. మన కణాలు హైడ్రోజన్ తయారుచేయవు, అది వచ్చిందంటే పేగు బ్యాక్టీరియా నుంచే.

మందుల దుకాణాల్లో ఫంగల్ డయాస్టేజ్, పెప్సిన్ కలిపిన సిరప్‌లు విరివిగా అమ్ముడుపోతాయి. బూజు నుంచి తీసిన డయాస్టేజ్‌కు జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినే 1894లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఈ సిరప్‌లకు మూలం అదే. క్లోమం బాగున్న మనిషి అవసరానికి ఎన్నో రెట్లు అమైలేజ్ తనే తయారుచేసుకుంటాడు. పెళ్లి భోజనం తర్వాతి భారానికి కారణం ఎంజైము కొరత కాదు కాబట్టి ఈ సీసాల వల్ల అతనికి ఒరిగేది పెద్దగా లేదు. క్లోమం దెబ్బతిన్నవారికి ఎంజైము మందులు తప్పనిసరి, అవి వైద్యుడు లెక్కగట్టి ఇచ్చేవి.

దీనికి ఎదురు దారిలో పనిచేసేవి మధుమేహానికి వాడే అకార్బోజ్, వోగ్లిబోజ్, మిగ్లిటాల్. ఇవి చూడ్డానికి చక్కెరల్లాగే ఉండి, పేగు గోడ మీది సుక్రేజ్, మాల్టేజ్‌ల పని చోటులో కూర్చుని వాటిని అడ్డుకుంటాయి. అన్నం అరగడం ఆగదు, నెమ్మదిస్తుంది. భోజనం తర్వాత గ్లూకోజ్ ఎగబాకడం తగ్గుతుంది. అందుకే వీటిని మొదటి ముద్దతోనే వేసుకోవాలి, తిన్న గంట తర్వాత వేసుకుంటే వృథా. విడిపోని చక్కెర కొంత పెద్దపేగుకు పోతుంది కాబట్టి గ్యాస్ వస్తుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలామందిలో అది తగ్గుతుంది.

ఈ మాత్రలతో పాటు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ వంటి మందు గానీ వాడేవారు ఒక సంగతి మరిచిపోకూడదు. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరిగినప్పుడు పంచదార, బెల్లం, చాక్లెట్ నోట్లో వేసుకుంటే తొందరగా లాభం ఉండదు. వాటిలోని సుక్రోజ్‌ను విరిచే ఎంజైమునే మందు అడ్డుకుని ఉంటుంది. అలాంటివారు గ్లూకోజ్ పొడి పొట్లం జేబులో ఉంచుకోవాలి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచాలి.